శుక్రవారం పట్టని బ్రేకు

మదనపల్లె,
5 జూలై 1999

మోటారు సైకిల్ మెకానిక్ తిరుపతి గారికి,

మనకు ముఖపరిచయం లేదు. నా పేరు పద్మావతమ్మ. ఇక్కడి హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి, పిల్లలు హాయిగా ఊపిరి పీల్చుకునేలా రిటైరయ్యాను. ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉన్న నల్ల బండిని మీ దగ్గరికి తెచ్చే వంశీ నా మనవడు. మాదాపూర్‌లో కొత్తగా కట్టిన ఆ గుండ్రటి భవనంలో కంప్యూటర్ ముందు కూర్చుని జీతం తీసుకుంటాడు. మీ చందానగర్‌లోనే బాలనర్సయ్య గారింట్లో అద్దెకుంటున్నాడు.

జూన్ ఇరవై ఐదో తేదీన ఆఫీసు దగ్గరి దిగుడులో బ్రేకు పట్టక, నీళ్ల ట్యాంకరు వెనక పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఈ సంగతి వాడు నాకు చెప్పలేదు. "పని ఎక్కువగా ఉంది నానమ్మా, క్షేమమే" అని నాలుగు ముక్కలు రాశాడు. అక్షరాలు తుఫానుకు వాలిన వరిచేనులా ఉన్నాయి. ఎడమ చేత్తో రాసిన రాత నేను గుర్తుపట్టలేనా? ఎస్టీడీ బూతు నుంచి వాడి ఆఫీసుకు ఫోన్ చేసి నిజం కక్కించాను. అంత కంప్యూటర్ ఉద్యోగికి తెల్లకాగితం దొరకలేదు కాబోలు, ఉత్తరం మీ షాపు చీటీ వెనక రాశాడు. మీ చిరునామా అలా దొరికింది.

జూన్‌లో మూడు ఆదివారాలు వాడు ఆ బ్రేకు కోసమే మీ దగ్గరికి వచ్చాడు. మూడుసార్లూ మీరు "గాలి తీసిన, ఫికర్ లేదు" అన్నారట. తీసిన గాలి మళ్లీ ఎలా వచ్చింది? మీకు పని రాదని అనుకోవాలా, వచ్చినా మళ్లీ మళ్లీ రావాలని సగంలో వదిలేస్తున్నారని అనుకోవాలా? నాకు రెండోదే తోస్తోంది.

బండి కొనగానే పసుపు పొట్లం పంపి, జాగ్రత్తలు రాసి నా బాధ్యత నేను నెరవేర్చాను. మీ బాధ్యత మాటేమిటి? మీ వైపు పోలీసు ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న మునిస్వామి నా దగ్గర తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాడు. నేనంటే ఇప్పటికీ భయమే. పదిహేను రోజుల్లో సంజాయిషీ రాకపోతే అతనికి రాస్తాను.

ఇట్లు,
పద్మావతమ్మ


చందానగర్,
10 జూలై 1999

టీచరమ్మ గారికి మెకానిక్ తిరుపతి దండం పెట్టి రాసేది.

మీ ఉత్తరం ముట్టింది. మా ఇంటామె సక్కుబాయి సదివి, "ఏందయ్యా, ఈ వయసుల నిన్ను బెంచి మీద నిలబెట్టింది" అని నవ్వింది. నాకైతే నవ్వు రాలే.

అమ్మా, నేను పదహారేండ్ల సంది పాన పట్టుకున్న. ముందు నాయినతోని సైకిళ్లు, ఎనుక స్కూటర్లు, ఇగ ఇప్పుడు ఈ కొత్త బండ్లు. డిస్కు బ్రేకు మా దిక్కు ఎవ్వనికి తెల్వదని, సికింద్రాబాద్ పోయి మూడు దినాలు నిలబడి నేర్చుకొని వచ్చిన. చందానగర్‌ల గీ పని తెలిసినోన్ని నేనొక్కన్నే. అందుకే మీ మనుమడు, ఆయన ఆఫీసు పిలగాండ్లు నా దగ్గరికే వస్తుండిరి. పన్నెండు బండ్లు నా మీదనే నడిచేవి. మీ వంశీ పడ్డంక నాలుగు వస్తున్నయి. "తిరుపతి చెయ్యి పెడితే బ్రేకు పోతది" అని అంటున్నరట. ఎవరు అన్నరో నాకు ఎర్కలేదు. మీకు ఎర్కేమో.

నేను సగం పని చేసి వదిలెయ్యలే. నా చేతుల తప్పు ఉన్నదని ఎవరన్నా చూపెడితే, పాన కింద పెట్టి మళ్ల సైకిళ్లకు పంచర్లు వేసుకుంట. ఇన్‌స్పెక్టర్ సారుకు రాయాలంటే రాయుండ్రి. కని ముందుగాల ఏం అడుగుతరో అడుగుండ్రి.

తిరుపతి


మదనపల్లె,
15 జూలై 1999

తిరుపతి గారికి,

అడగమన్నారు కనుక అడుగుతున్నాను.

మీ ఉత్తరంలో ఆవేశం బాగుంది, వివరం లేదు. పరీక్షలో జవాబు తెలియనివాడు కూడా ఇలాగే "నేను కష్టపడి చదివాను మేడమ్" అని రాసేవాడు. గాలి తీయడం అంటే మీరు ఏం చేస్తారో మొదటి నుంచి చివరి దాకా రాయండి. నాకు బండి నడపడం రాదు కానీ గొట్టంలో ద్రవం ఏం చేస్తుందో తెలుసు. బ్రేకు పిడి నొక్కితే ఆ ఒత్తిడి తగ్గకుండా చక్రం దాకా పోవాలి. మధ్యలో గాలి చేరితే ఒత్తిడినంతా అదే మింగేసి ముడుచుకుంటుంది, పని ముందుకు కదలదు. మా స్కూల్లో అలాంటి గుమాస్తా ఒకడు ఉండేవాడు.

కాబట్టి చెప్పండి. వంశీ తెచ్చిన మూడుసార్లూ పిడి నొక్కితే మెత్తగా దిగిందా, గట్టిగా ఉందా? గొట్టంలో బుడగలు మీ కళ్లతో చూశారా? బ్రేకు ఏ రోజు నుంచి పట్టడం లేదని వాడు చెప్పాడు? పడ్డ తరువాత బండిని మీ దగ్గరికి తెచ్చినప్పుడు మీరు చేసిన మొట్టమొదటి పని ఏమిటి?

అబద్ధం రాస్తే నాకు తెలిసిపోతుంది. అది పదవీ విరమణతో పోయే విద్య కాదు.

పద్మావతమ్మ


చందానగర్,
20 జూలై 1999

టీచరమ్మ గారికి దండాలు.

మీరు అడిగినట్టు ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

పిడి దగ్గర ఒక చిన్న డబ్బా ఉంటది. దాంట్ల బ్రేకు ఆయిల్. కింద చక్రం దగ్గర, బ్రేకు పట్టుకునే కాడ, ఆయిల్ బయటికి వచ్చే ఒక చిన్న నిప్పల్ ఉంటది. దానికి లోపటిది కనబడే పైపు పెట్టి, రెండో కొసను ఆయిల్ పోసిన సీసల ముంచుత. ఇది ఇద్దరి పని. ఒకరు పిడిని నాలుగుసార్లు నొక్కి గట్టిగ పట్టుకోవాలె. ఇంకొకరు నిప్పల్ జర విప్పితే ఆయిల్‌తోని గాలి బుడగలు వస్తయి. మళ్ల నిప్పల్ బిగించిందాక పిడి విడువొద్దు. విడిస్తే బయటి గాలి లోపలికి గుంజుకుంటది, చేసిందంత దండుగ. పిడి పట్టుకునేది సక్కుబాయి. ఆమె పట్టుకున్నదంటే నేను చెప్పిందాక విడువదు, నా కాలరైనా గంతే.

ఇగ మీరు అడిగిన సవాళ్లు. పిడి మూడుసార్లు గట్టిగనే ఉండె. బుడగలు రాలే. నాకు అప్పుడే అనుమానం రావాల్సి ఉండె. కని పిలగాడు "గాలి తియ్యి అన్నా" అంటే తీసిన. డిస్కును రెండు దిక్కుల పట్టుకునే ప్యాడ్లు విప్పి చూస్తే నల్లగ అద్దం లెక్క మెరుస్తుండె. ఉప్పుకాగితం పెట్టి రుద్దిన. రుద్దితే బ్రేకు మంచిగ పట్టింది. నాలుగైదు దినాలు మంచిగుంటది, మళ్ల జారుతది.

ఏ రోజంటే, నేను షట్టర్ లోపట చాక్‌పీసుతోని రాసుకుంట. జూన్ ఆరు, పదమూడు, ఇరవై. అన్నీ ఆదివారాలే, ఆయనకు గప్పుడే సెలవు. అడిగినప్పుడల్లా "మొన్నటి సంది పడతలేదు అన్నా" అన్నడు. మొన్న అంటే శుక్రవారం. పడ్డది సుత శుక్రవారమే. మీరు అడిగిందాక నేను కలిపి చూడలే. చూసినంక రాత్రి అన్నం తినబుద్ధి కాలే.

పడ్డ బండి మొత్తం బురద ఉండె. ముందుగాల నీళ్లు కొట్టి కడిగిన.

తిరుపతి


మదనపల్లె,
24 జూలై 1999

తిరుపతి గారికి,

కడిగారా! ఆధారమంతా నీళ్లతో కడిగి, ఎంత అమాయకంగా రాశారు! ఈ ఒక్క మాట చాలు మిమ్మల్ని అనుమానించడానికి. కానీ అపరాధి అయితే ఆ మాట రాయడు. అందుకని మీ మీద అనుమానాన్ని కొట్టేయలేదు, పక్కన పెట్టాను.

పిడి గట్టిగా ఉంది, బుడగలు లేవు. అంటే గొట్టంలో గాలి లేదు. మీరు మూడు ఆదివారాలు లేని గాలిని తీశారు. ఒత్తిడి చక్రం దాకా సక్రమంగా వస్తోంది, పట్టేచోటే జారుతోంది. రుద్దితే బాగుపడుతోంది. అంటే ఆ డిస్కు పళ్లెం మీద ఏదో జిడ్డు చేరుతోంది. బండిలోంచే కారుతుంటే రోజూ కారాలి. వారం చూసుకుని కారే నూనెను నేను ఎక్కడా చదవలేదు. శుక్రవారం, శుక్రవారం ఎవరో పూస్తున్నారు.

ఎవరు? బండి రాత్రంతా ఉండేది బాలనర్సయ్య గారి వాకిట్లో. ఆయనకు ఆ బండి అంటే గిట్టదని మా వాడే మే నెలలో రాశాడు. "గేటుకు అడ్డం పెడితివి, నా స్కూటర్ ఎట్ల తియ్యాలె" అని రోజూ సణుగుడట. పైగా ఇప్పుడు అక్కడ గదులకు గిరాకీ పెరిగింది. పాత అద్దెదారు కాలు చెయ్యి విరిగి ఊరికి పోతే ఎవరికి లాభం? మనిషి పైకి మంచివాడే కావచ్చు. విషం అమ్మేవాడు కూడా తక్కెడ సరిగ్గానే తూస్తాడు.

మీ నిజాయితీ రుజువు చేసుకునే అవకాశం ఇస్తున్నాను. బండి ఇప్పుడు ఆ వాకిట్లోనే ఉందని వంశీ చెప్పాడు. వచ్చే గురువారం సాయంత్రం వెళ్లి ఆ పళ్లెం శుభ్రంగా తుడిచి రండి. శుక్రవారం తెల్లవారగానే వెళ్లి ఎదురింటి పక్కన నిలబడండి. ఎవరు వస్తారో, ఏం చేస్తారో చూసి రాయండి. వంశీకి చెప్పకండి. వాడి నోట్లో ఏదీ నిలవదు, చేయి విరిగిన సంగతి తప్ప.

పద్మావతమ్మ


చందానగర్,
31 జూలై 1999

టీచరమ్మ గారికి దండాలు.

నిన్న శుక్రవారం పోయిన. చూసిన. సంగతి తెలిసింది. బాలనర్సయ్య పటేల్ తప్పు ఏం లేదు, ఆయన అప్పటికి లేవనే లేదు. ఎవ్వరి మనసుల చెడ్డ ఉద్దేశం లేదు. ఇగ ముందు గిట్ల జరగదు, నేను బందోబస్తు చేసిన. ప్యాడ్లు కొత్తవి వేసిన. డిస్కు కడిగి, ఆరబెట్టి, పది కిలోమీటర్లు నడిపి చూసిన. గుంజినట్టు నిలబడుతున్నది.

ఇంకేం అడుగకుండ్రి. మీకు పుణ్యముంటది. వంశీ పట్టీ తీసినంక బేఫికర్‌గ నడుపుకోవచ్చు.

తిరుపతి


మదనపల్లె,
4 ఆగస్టు 1999

తిరుపతికి,

"గారు" మరిచిపోలేదు, తీసేశాను.

ఏమప్పా, ఇన్ని వివరాలు రాసినవాడివి, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి నీ పెన్నులో సిరా అయిపోయిందా? "అడుగకుండ్రి" అట! ముప్పై ఒక్క ఏళ్లలో నాతో ఆ మాట అన్న ప్రతివాడి జేబులోనూ చీటీ దొరికింది.

నువ్వు ఎవరినో కాపాడుతున్నావు. ఆ ఇంటి యజమాని నీకు దగ్గరివాడని "పటేల్" అన్న మాటలోనే తెలుస్తోంది. లేదా అక్కడ ఎవరూ లేరు, నీ చేతి తప్పే ఉంది, కొత్త ప్యాడ్లు వేసి కప్పిపుచ్చావు. ఏదైనా సరే, నా మనవడి చెయ్యి విరిగింది. ట్యాంకరు వెనక చక్రం జానెడు దూరంలో ఆగిందని వాడు నిన్న ఫోన్లో నోరు జారాడు. జానెడు! ఆ మాట విన్న దగ్గర నుంచి నాకు కళ్లు మూస్తే ఆ జానెడే కనిపిస్తోంది.

మునిస్వామికి ఉత్తరం రాశాను. బెదిరించడానికి కాదు, పోస్టు చేశాను కూడా. నాకు చెప్పనిది అతనికి చెప్పుకో.

పద్మావతమ్మ


చందానగర్,
9 ఆగస్టు 1999

టీచరమ్మ గారికి,

నిన్న పొద్దుగాల ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చిండ్రు. కొట్టలే, తిట్టలే. షాపు ముంగట నిలబడి రెండు గంటలు అడిగిండ్రు. ఆదివారం కదా, మార్కెట్ అంత నిండి ఉండె. అందరు చూసిండ్రు. ఒక బండి నా దాక వచ్చి, చూసి, మళ్లుకొని పోయింది. నేను వాళ్లకు సుత ఏం చెప్పలే. సక్కుబాయి నన్ను గట్టిగ తిట్టింది. "ఆమెకు రాస్తవా, నేను రాయాల్నా" అన్నది. అందుకే రాస్తున్న.

ఆ శుక్రవారం వచ్చింది రుక్కమ్మ, బాలనర్సయ్య పటేల్ ఇంటామె. తానం చేసి, తడి జుట్టుకు ముడేసుకొని, చేతుల పళ్లెం పట్టుకొని వచ్చింది. బండి ముంగట కూసొని డిస్కు ప్లేటు చుట్టు బొట్లు పెడుతున్నది. నేను పోయి, "అక్కా, ఏం చేస్తున్నవు?" అన్న.

"కనబడ్తలేదా? బొట్టు పెడుతున్న."

"గది బ్రేకు అక్కా!"

"ఏమో బిడ్డా, చక్రానికి పెట్టమన్నరు. టైరుకు పెడితే మట్టి. గిదైతే ఎండి పళ్లెం లెక్క తళతళ మెరుస్తున్నది. పిలగాడు పడ్డ సంది పదకొండు పెడుతున్న. అంతకు ముందు అయిదే పెడుతుంటి, అందుకే పడ్డడేమో అని మస్తు పరేషాన్ అయిన."

ఎవరు చెప్పిండ్రని అడిగితే లోపలికి పోయి ఒక కాగితం తెచ్చింది. మీ దగ్గరి నుంచి వచ్చిన నాడే మీ మనుమడు పసుపు పొట్లంతోని ఆమెకు ఇచ్చిండట. ఆయనకు యాది సుత లేదు. శుక్రవారం పొద్దున కండ్లు నులుముకుంట బండెక్కి పోతడు, చక్రం దిక్కు చూసేదెప్పుడు?

కాగితం దీంట్ల పెడుతున్న. మీకు పంపొద్దు అనుకున్న. పెద్దమనిషి, దిల్ మీద పడుతదని. రుక్కమ్మకు సుత నిజం చెప్పలే. "హెడ్‌లైటుకు పెట్టు అక్కా, అది బండికి కన్ను, దిష్టి దానికే తగుల్తది" అని చెప్పి వచ్చిన.

తిరుపతి


మదనపల్లె,
14 ఆగస్టు 1999

నాయనా తిరుపతీ,

కాగితం అందింది. నా చేతిరాతే. కుడి చేత్తో, నిటారుగా, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. మే ముప్పై ఒకటో తేదీ.

నాలుగుసార్లు చదివాను. "పొడి పసుపు లోహానికి నిలవదు. గాలికి ఎగిరిపోతుంది. కనుక రెండు చుక్కల నువ్వులనూనెలో కలపాలి. బొట్టు ట్యాంకుకు పెట్టడం అర్థంలేని పని. తిరిగేది చక్రం, దానికి పెట్టాలి. ప్రతి శుక్రవారం స్నానం చేసిన మనిషి పెట్టాలి. నీ సంగతి నాకు తెలుసు కనుక ఇంటావిడను అడుగు." ఎంత శాస్త్రీయంగా ఉందో చూడు. మా కోడలు ఊరికే పొట్లం పంపమంది. పద్ధతి చెప్పకుండా పంపడం నాకు చేతకాలేదు. ఆ నూనె పద్ధతి నాది. వాడికీ ట్యాంకరు చక్రానికీ మధ్య ఆ జానెడు దూరం మిగిలింది నా పద్ధతి వల్ల కాదు, వాడి అదృష్టం వల్ల.

నేను నిన్ను అనుమానించాను. తరువాత బాలనర్సయ్య గారిని. మళ్లీ నిన్ను. మదనపల్లెలో కూర్చుని చందానగర్‌లో అందరినీ అనుమానించాను. మొదటి ఉత్తరంలోనే పసుపు పొట్లం మాట నేనే గర్వంగా రాసుకున్నాను, దాని వైపు తిరిగి చూడలేదు. నువ్వు తెలిసి కూడా నోరు మూసుకుని, కానిస్టేబుళ్ల ముందు నిలబడ్డావు. ఎవరినో కాపాడుతున్నావని రాశాను. ఆ ఒక్కటే సరిగ్గా కనిపెట్టాను.

మునిస్వామికి నిన్ననే టెలిగ్రాం ఇచ్చాను. ఆ ఇద్దరు కానిస్టేబుళ్లు మళ్లీ ఒక ఆదివారం, అదే వేళకు, నీ షాపుకు వచ్చి వాళ్ల బళ్లకు నీ చేత పని చేయించుకోవాలని రాశాను. మూడోసారి తొమ్మిదో తరగతి చదవాలని అతనికి ఉండదు కనుక పంపుతాడు. ఈ కింది కాగితం నీ షట్టర్ బయట, మనిషి కళ్ల ఎత్తున అంటించు:

"నల్ల బండి బ్రేకు చెడినది మెకానిక్ తిరుపతి చేతి వల్ల కాదు. నేను రాసి పంపిన పద్ధతి ప్రకారం చక్రానికి నూనె పసుపు పెట్టడం వల్ల చెడినది. తప్పు నాది. పెట్టిన ఇల్లాలిది కాదు. బ్రేకు పళ్లేనికి బొట్టు పెట్టరాదు. – కె. పద్మావతమ్మ, బి.ఎస్‌సి., బి.ఇడి., విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, మదనపల్లె."

డిగ్రీలు కొట్టేయకు. అవి ఉంటేనే జనం బాగా నవ్వుతారు. నవ్వితే గుర్తుంటుంది.

రుక్కమ్మ గారికి నిజం నేనే చెప్తాను. అది ఉత్తరంలో చెప్పే మాట కాదు. ఇరవై రెండో తేదీ ఆదివారం పొద్దున చందానగర్ వస్తున్నాను. మార్కెట్ నిండిన వేళకు నీ షాపు ముందు, ఆ కానిస్టేబుళ్లు నిలబడ్డ చోటే, నాకొక స్టూలు వేయించు. వంశీ ఆఫీసు పిల్లలందరినీ బండ్లతో సహా రమ్మన్నాను. "తిరుపతి చెయ్యి పెడితే బ్రేకు పోతుంది" అన్న మాట వాడే మొదలుపెట్టాడని ఫోన్లో ఒప్పుకున్నాడు. ఎదుటివాడి మీద తప్పు తోయడం వాడికి నేర్పింది నేనే. ఇద్దరం వచ్చి నీ ఎదుటే ఆ మాట వెనక్కి తీసుకుంటాం.

ఆ రోజు ఎవరి బండికైనా గాలి తీయవలసి వస్తే సక్కుబాయిని విశ్రాంతిగా కూర్చోమను. పిడి నేను పట్టుకుంటాను. నువ్వు చెప్పేదాకా వదలను.

పద్మావతమ్మ